పిలిచే కాగితం, పంపే కాగితం

పురపాలక కార్యాలయంలో మూడో గది ఆవిడది. గదికి ఒక పెద్ద కిటికీ ఉండేది. కిటికీ అవతల వరండాలో జనం, ఇవతల బల్ల, బల్ల వెనక ఆవిడ. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. అసలు పేరు సర్వీసు పుస్తకంలో ఉంది గాని ఊళ్ళో ఎవరికీ దాంతో పనిపడలేదు. చిన్నాపెద్దా అందరికీ ఆవిడ కాగితాలక్కే. హెడ్ గుమాస్తా అయ్యాక ఛైర్మన్ గారొక్కరు ‘అమ్మా’ అని పిలవడం మొదలుపెట్టారు, అదీ తనకు పని ఉన్నప్పుడే.

తేదీ లేని దరఖాస్తును ఆవిడ ముట్టుకునేది కాదు. సంతకం గీత దాటితే తిప్పి పంపేది. అలాగని కసురుకునే మనిషి కాదు. రాయడం రానివాళ్ళకు తనే కూర్చుని రాసిపెట్టేది. రాసిపెట్టి, తేదీ వెయ్యడం మరిచిపోతే తన దరఖాస్తును తనే తిప్పి పంపుకునేది.

“మా కోడలు, యముడొచ్చి పద అన్నా ఉత్తర్వేదీ చూపించమంటుంది” అని అత్తగారు వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పి నవ్వేది. మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. మాట్లాడితే నోరు అరిగిపోతుందేమోనని భయపడే మనిషి. అందుకని ఆ ఇంట్లో మాటల బరువంతా అత్తాకోడళ్ళే మోసేవారు.

ఆ ఏడు వాన మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున్నే నది గట్టు తెగింది. దిగువ వీధుల్లోకి నీళ్ళు కిటికీల ఎత్తున వచ్చిపడ్డాయి. వంతెన కొట్టుకుపోయింది. జనం పిల్లాజెల్లాతో డాబాలెక్కి కేకలు పెడుతున్నారు.

ఛైర్మన్ గారు బట్టల వ్యాపారం చేసి పైకొచ్చిన మనిషి. మనసు మంచిదే, కాని గుండె దూది. ఆఫీసులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, “అమ్మా, ఇప్పుడేం చేద్దాం, ఏం చేద్దాం” అని అటూ ఇటూ తిరుగుతున్నారు.

“సైన్యాన్ని పిలవాలండీ” అంది కాగితాలక్క. “మీ సంతకంతో ఉత్తరం వెళ్ళాలి. ఏ ఊరు, ఏ పని, ఎంతవరకు, ఈ మూడూ ఉండాలి.”

“ఇలాంటప్పుడు కూడా ఉత్తరమేనా!”

“ఇలాంటప్పుడే ఉండాలండీ.”

కుర్చీ ఎక్కి నిలబడి, బీరువా తలుపు మీద కాగితం ఆన్చి ఆవిడ ఉత్తరం రాసింది. పని: మునిగిన వీధుల నుంచి జనాన్ని తియ్యడం, తెగిన వంతెనకు బదులు తాత్కాలికంగా మరొకటి వెయ్యడం. ఎంతవరకు: ఆ రెండు పనులూ పూర్తయ్యేవరకు. టెలిఫోన్లు చచ్చిపోయాయి గనక పోలీసు స్టేషన్లో వైర్‌లెస్ ముందు కూర్చుని దాన్నంతా మాట మాటా చదివింది, చివర ‘ఇట్లు తమ విధేయుడు’తో సహా. అవతల వింటున్నవాడు మధ్యలో, “మేడమ్, ముందు వచ్చేస్తాం, విధేయత తర్వాత చూసుకుందాం” అన్నాడట.

మధ్యాహ్నానికల్లా పడవలు వచ్చాయి. పడవలతో పాటు ఒక మేజరు వచ్చాడు. ముప్పయ్యారేళ్ళుంటాయి. ఎండకు కమిలిన ముఖం, మెత్తటి గొంతు. సాయంత్రం లోపు ఆయన జవాన్లు నాలుగు వందల మందిని డాబాల మీంచి దింపారు. అందులో కాగితాలక్క అత్తగారు ఒకతె. రేడియో లేనిదే కదలనని ఆవిడ భీష్మించుకుంటే, ఒక జవాను ఆవిణ్ణి రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు, ఆవిడ రేడియోని నెత్తిన పెట్టుకుంది. అలా ఊరేగింపుగా ఒడ్డుకు చేరి, కోడలు కనపడగానే ఆవిడ అన్న మొదటి మాట, “నీ ఆఫీసు ఇరవై తొమ్మిదేళ్ళలో నాకు ఇంత మర్యాద చేసిందా?”

మూడు రోజుల్లో ఇనప వంతెన లేచింది. నీళ్ళు తీశాయి. పని అక్కడితో అయిపోవలసింది. కాని బడి మైదానంలో గుడారాలు అలాగే ఉన్నాయి, జనానికి అక్కడికి పోవడం అలవాటైపోయింది.

మొదట ఎవరో ఇంటి మీద పడ్డ చెట్టు తీయించమని వెళ్ళారు. మేజరు తీయించాడు. పూడిపోయిన మురుగు కాలవ గురించి వెళ్ళారు. ఒక్క పూటలో అద్దంలా చేయించాడు. ఆ తర్వాత గోడ తగాదాలు, దారి తగాదాలు. మొగుడు ఇంటికి ఆలస్యంగా వస్తున్నాడని ఒకావిడ వెళ్ళింది. మేజరు నవ్వి, ఆ మొగుణ్ణి పిలిపించి టీ ఇచ్చి పంపాడు. భయానికో టీకో గాని మర్నాటి నుంచి ఆ మహానుభావుడు దీపాలు పెట్టకముందే ఇల్లు చేరుకునేవాడు. దాంతో గుడారం ముందు వరస వీధి మలుపు దాటింది. కాగితాలక్క కిటికీ ముందు ఈగలు తోలుకోవడమే మిగిలింది.

“అక్కా, ఇక మనకి సెలవే” అన్నాడు ముసలి అటెండరు, స్టూలు మీద కాళ్ళు చాపుకుని.

ఆవిడకు లోపల చురుక్కుమంది. అసూయేనా అని తనను తాను అడుగుకుంది. కొంచెం అసూయేనని ఒప్పుకుంది కూడా. కాలవ బాగుపడితే సంతోషించాలి గాని, ఎవరు బాగుచేస్తే ఏం? ఆ ప్రశ్నకు జవాబు తోచక రెండు రోజులు పాత దస్తాలకు కొత్త తాళ్ళు కట్టుకుంటూ కూర్చుంది.

మూడో రోజు వరండాలో కిటికీ దగ్గరికి పక్కింటి కుట్టు టీచరు వచ్చింది. ఉద్యోగం మానేసి పదేళ్ళయినా ఊరంతా ఆవిణ్ణి కుట్టు టీచరనే అంటారు. కాగితాలక్క అత్తగారికీ ఆవిడకూ మధ్య ఒక డాబా గొట్టం గురించి ఏళ్ళ తరబడి పోరు. వానపడితే కుట్టు టీచరు డాబా నీళ్ళు ఆ గొట్టంలోంచి అత్తగారి గోడ మీద కారేవి.

“అమ్మాయీ, ఒక మాట చెప్పు” అంది కుట్టు టీచరు. ముఖం ఎర్రబడి ఉంది. “సైన్యం చేసిన పని మీద దరఖాస్తు పెట్టాలంటే ఏ గదిలో ఇవ్వాలి?”

“ఏమైంది పిన్నిగారూ?”

“మీ అత్తగారు పొద్దున్నే గుడారానికి వెళ్ళింది. ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు. పది నిమిషాల్లో గొట్టం తిప్పేశారు. ఇప్పుడీ జల్లుకి నీళ్ళన్నీ నా వంటింట్లోకి వస్తున్నాయి. పొయ్యి మీద పడుతున్నాయి. నన్ను ఒక్క మాట... ఒక్క మాట అడిగారా? వాళ్ళని ఆపుదామంటే భుజాన తుపాకులున్నాయి. తిట్టలేదు, కొట్టలేదు, పాపం మర్యాదగానే ఉన్నారు. అయినా నాకు నోరు పెగల్లేదు.”

కాగితాలక్క చేతిలో కలం అలాగే ఆగిపోయింది. మురుగు కాలవ మీద ఫిర్యాదుకు మూడో గది. నీటి కుళాయిలకు ఐదో గది. తన మీదే ఫిర్యాదు చెయ్యాలంటే రెండో గది. సైన్యం తిప్పిన గొట్టానికి ఆ మేడలో ఏ గదీ లేదు. రెండు రోజులుగా వెతుకుతున్న జవాబు కుట్టు టీచరు తడి చీర కొంగుతో సహా తెచ్చి కిటికీలో పెట్టినట్టయింది.

ముందు ఇంటికి వెళ్ళింది. అత్తగారు విజయం సాధించిన ముఖంతో రేడియో వింటోంది.

“అత్తయ్యా, కోడలు పురపాలక ఆఫీసులో హెడ్ గుమాస్తా. మీరు గొట్టం కోసం గుడారానికి పోయారా?”

“నీ కిటికీలో పెడితే నా మనవలకి మనవలు పుట్టాక తిప్పుతారు. ఆ అబ్బాయి పది నిమిషాల్లో తిప్పాడు.”

“ఎటు తిప్పాడు?”

అత్తగారు రేడియో చప్పుడు పెంచింది.

కాగితాలక్క అక్కడి నుంచి నేరుగా బడి మైదానానికి నడిచింది. వరసలో అందరితో పాటు నిలబడింది. గంటన్నర తర్వాత వంతు వచ్చింది. మేజరు లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

“మీరు వైర్‌లెస్‌లో చదివిన ఉత్తరం నకలు నా దగ్గరుందండీ. అంత శుభ్రమైన ఉత్తరం నేనెప్పుడూ చూడలేదు” అన్నాడు.

“ఆ ఉత్తరంలో గొట్టాలు తిప్పే పని ఉందా బాబూ?”

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ వంటింటి సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన నేల చూపులు చూశాడు.

“తప్పే” అన్నాడు చివరికి. “జనం అడిగారు, కాదనలేకపోయాను.”

“జనం అడుగుతారు. మీరు మంచివాళ్ళు గనక ఇంకా అడుగుతారు. నేను తప్పు చేస్తే కిటికీ దగ్గరికొచ్చి నా తాతముత్తాతల్ని కలిపి తిడతారు. ఛైర్మన్ గారు తప్పు చేస్తే ఎన్నికల్లో దింపుతారు. మీరు చేస్తే? మా నాన్న కూడా మీ పటాలంలాంటి దాంట్లోనే హవల్దారుగా చేశాడు బాబూ. తుపాకీ ఉన్నవాడు పిలిస్తే గడప దాటాలి, పొమ్మంటే మళ్ళీ గడప దాటాలి, మధ్యలో ఇంటి పెత్తనం చెయ్యకూడదు అనేవాడు.”

మేజరు బల్ల మీది కాగితాలు పక్కకు జరిపాడు. బయట వరసలో ఎవరో దగ్గారు.

“నిజం చెప్పనా అక్కా?” అన్నాడు. ‘అండీ’ పోయి అక్క అయింది. “ఈ పది రోజుల్లో నేనేం చెప్పినా ఎవరూ ఎదురు చెప్పలేదు. మా పటాలంలోనే నాకింత మాట చెల్లదు. మొన్న ఎవరిదో గోడ తగాదాకు తీర్పు రాసి కలం పెట్టేస్తుంటే, ఇది నాకు నచ్చుతోందే అనిపించింది. అప్పుడు భయమేసింది. పని పూర్తయిందని మీ ఛైర్మన్ గారికి రాసి ఎనిమిది రోజులైంది. విడుదల ఉత్తరం కోసమే చూస్తున్నాం. అది లేకుండా మాకై మేం కదలకూడదు కదా.”

“ఎనిమిది రోజులా!” అని లేచింది కాగితాలక్క. బయటికొస్తూ వరసలో ఉన్నవాళ్ళతో, “గొట్టాలూ గోడలూ అయితే మూడో గదికి రండి” అంది. ఒక్కడూ కదలలేదు.

ఛైర్మన్ గారి సొరుగులో మేజరు ఉత్తరం భద్రంగా ఉంది. ఆయన నీళ్ళు నమిలారు. తర్వాత తలుపు మూయించి అసలు సంగతి చెప్పారు. గట్టుకు మరమ్మతు చెయ్యమని దిగువ వీధులవాళ్ళు రెండేళ్ళుగా అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఆయన మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చున్నారు. ఇప్పుడు గట్టు తెగింది. శనివారం పురపాలక సంఘం సభకు వాళ్ళంతా వస్తామంటున్నారు.

“ఆ రోజు హాలు ముందు ఓ పాతికమంది జవాన్లు నిలబడితే చాలమ్మా. ఊరికే. ఏమీ చెయ్యక్కర్లేదు.”

“ఏమీ చెయ్యని పనికి తుపాకులెందుకండీ?”

“నువ్వు ఉత్తరం రాయమ్మా. గడువు పొడిగించమని.”

ఆవిడ ఎదురు చెప్పలేదు. అక్కడే కూర్చుని రాసింది. ఊరు రాసింది, తేదీ వేసింది. పని అన్న చోట ఆగి తలెత్తింది. “ఏం పని అని రాయమంటారు?”

“శాంతిభద్రతలు.”

“ఎవరి వల్ల ముప్పండీ?”

“ఇంకెవరి వల్ల, జన...” అని ఆయన నోరు మూసుకున్నారు.

“ఈ ఉత్తరం సభలో పైకి చదవాలండీ, తలుపులు తెరిచి. నిబంధన” అందావిడ నెమ్మదిగా. “మీరు ఏది చెబితే అదే రాస్తాను.”

“అయితే నన్ను వాళ్ళ చేత తిట్టించాలనా నీ ఉద్దేశం?”

“తిట్టించుకోవడం మన ఉద్యోగమేనండీ. నేను ఇరవై తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను, ఏమైనా చిక్కిపోయానా?”

ఆయన ఆవిణ్ణి ఎగాదిగా చూశారు. చిక్కిన దాఖలాలేమీ లేవు. ఉసూరుమంటూ, “ఆ గడి ఖాళీగా ఉంచు. ఇంకో ఉత్తరం కూడా రాయి, పంపేది. శనివారం చూద్దాం” అన్నారు.

శనివారం పొద్దున పది గంటలకే హాలు కిక్కిరిసింది. విచిత్రమేమిటంటే గట్టు సంగతి నిలదీయడానికి వచ్చినవాళ్ళే, “సైన్యం ఉండాలి” అని అరుస్తున్నారు. ముందు వరసలో గొంతు అందరికంటే పెద్దది కాగితాలక్క అత్తగారిది. ఛైర్మన్ గారి ముఖం వికసించింది. తన పని జనమే చేసిపెడుతున్నారు.

కాగితాలక్క సభ్యురాలు కాదు, అభిప్రాయం చెప్పే హక్కు లేదు. లేచి రెండు ఉత్తరాలూ చదివింది. మొదటిది విడుదల చేసేది. రెండోది పొడిగించేది. రెండోదాన్లో, “పని... ఖాళీ” అని ఉన్నదున్నట్టు చదివింది.

“ఖాళీ ఏమిటి?” అన్నాడొకడు వెనక నుంచి. “వంతెన అయిపోయిందిగా, ఇంకేం పని?”

ఛైర్మన్ గారు దగ్గారు. సభ్యుల్లో ఒకరు కాలవలన్నారు, మరొకరు సంతలో తగాదాలన్నారు. అప్పుడు కుట్టు టీచరు లేచి తన వంటింటి కథ చెప్పింది. ఏడవలేదు, అరవలేదు, బడిలో పాఠం చెప్పినట్టు చెప్పింది. “పని మంచిదే అయుండొచ్చు. నాకు నచ్చకపోతే ఎవరితో చెప్పుకోవాలి? ఒక్క గది చూపించండి, నేనూ ఉండమనే అంటాను.”

హాలు కొంచెం సద్దుమణిగింది. మూలన కుర్చీలో కూర్చున్న మేజరు వైపు తలలు తిరిగాయి.

“మీరు చెప్పండి బాబూ” అన్నారు ఛైర్మన్ గారు ఆశగా. “ఉంటే మంచిదంటారా, పోతే మంచిదంటారా?”

మేజరు లేచాడు. “ఉండమంటే ఉంటామండీ, ఆ గడిలో పని రాసి పై అధికారులకి పంపండి. పొమ్మంటే పోతాం. ఏది మంచిదో మాత్రం నన్నడక్కండి. అది మీరే తేల్చుకోవాలి.”

“మంచిదేమిటి నాయనా!” అని అందుకుంది అత్తగారు. “నువ్వే ఉండిపో. ఈ కుర్చీలో నువ్వే కూర్చో. ఈ ఊరు బాగుపడుతుంది.”

హాలంతా చప్పట్లు. ఛైర్మన్ గారు తన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

మేజరు చప్పట్లు ఆగేదాకా ఊరుకున్నాడు. “అమ్మా, రెండేళ్ళకు నా మీద మీకు విసుగొచ్చిందనుకోండి. నన్నెలా దింపుతారు?”

అత్తగారు నోరు తెరిచింది. ఆయన వంక చూసింది, గుమ్మం బయట నిలబడ్డ ఇద్దరు జవాన్ల వంక చూసింది. వాళ్ళలో ఒకడు తనను ఎత్తుకొచ్చినవాడే. వాడు ఆవిణ్ణి చూసి నవ్వాడు. ఆవిడా నవ్వింది. చివరికి ఛైర్మన్ గారి వైపు తిరిగి, ఆయన్ను కిందనుంచి పైదాకా పరిశీలించింది.

“ఈయన్నైతే ఓ ఓటుతో దింపెయ్యొచ్చు” అంది.

నవ్వులతో హాలు దద్దరిల్లింది. మేజరూ నవ్వాడు. ఛైర్మన్ గారు కూడా, మొదట ఏడవబోయి, ఆ తర్వాత నవ్వేశారు. నవ్వు సర్దుకున్నాక చేతులెత్తమన్నారు. ఇరవై ముగ్గురు సభ్యుల్లో విడుదల ఉత్తరానికి పంతొమ్మిది చేతులు లేచాయి. అందరికంటే ఆఖరున లేచింది ఛైర్మన్ గారి చెయ్యి.

ఆ వెంటనే గట్టు సంగతి మొదలైంది. మూడు గంటలపాటు ఆయన్ను ఉతికి ఆరేశారు. బట్టల వ్యాపారి గనక తట్టుకున్నారని అటెండరు అన్నాడు. చెమటలు కక్కుతూనే ఆయన తప్పు ఒప్పుకున్నారు, దిగువ వీధులవాళ్ళనే నలుగురిని గట్టు పని మీద నిఘాకు వేశారు. మేజరు తన ఇద్దరితో ఓటు కాగానే వెళ్ళిపోవడంతో హాలు బయట ఒక్క జవానూ లేడు, ఆయన మీద ఒక్క దెబ్బా పడలేదు. ఇంటికి పోతూ, “ఇంతేనా అమ్మా!” అని ఆశ్చర్యపోయారట.

సోమవారం పొద్దున కాగితాలక్క విడుదల ఉత్తరం తీసుకుని మైదానానికి వెళ్ళింది. గుడారాలు అప్పటికే మడతపెట్టి లారీల్లోకి ఎక్కించారు. మేజరు చదువుకుని, నకలు మీద అందినట్టు సంతకం చేశాడు.

“టైము వెయ్యలేదు” అంది ఆవిడ.

ఆయన వాచీ చూసి టైము వేశాడు. తర్వాత మడమలు తాటించి సెల్యూట్ చేశాడు. సెల్యూట్‌కు బదులేం చెయ్యాలో ఆవిడకు తెలియదు. తెలియక చేతిలో ఉన్న ఫైలు నుదుటి దాకా ఎత్తింది. జవాన్లు పగలబడి నవ్వారు. ఊరు ఊరంతా ఇనప వంతెన దాకా వెళ్ళి వాళ్ళను సాగనంపింది. అత్తగారు తనను మోసినవాడి చెంపలు నిమిరి, మళ్ళీ వరదొస్తే నువ్వే రావాలని మాట తీసుకుంది.

మర్నాడు కిటికీ ముందు వరస వరండా దాటి మెట్ల దాకా ఉంది. కాలవ పూడిందని ఒకరు, దీపం వెలగలేదని ఒకరు, సైన్యం ఉంటే ఇలా ఉండేదా అని అందరూ. మధ్యాహ్నానికి ఆవిడకు తలప్రాణం తోకకొచ్చింది. అటెండరు టీ తెచ్చిపెడుతూ, “ఏమక్కా, ముఖం వెలిగిపోతోంది?” అన్నాడు.

“పని చూడవయ్యా” అంది.

గొట్టం సంగతి తేలడానికి పదకొండు రోజులు పట్టింది. పురపాలక మేస్త్రీ టేపు పట్టుకుని వచ్చి రెండు గోడలూ కొలిచి, ఇద్దరు పెద్దమ్మలనూ నిలబెట్టి అడిగి, గొట్టానికి వంపు వేసి వీధి కాలవలో కలిపాడు. పదకొండు రోజులూ అత్తగారు కోడల్ని దెప్పుతూనే ఉంది. వంపు వేశాక రెండు గోడలూ పొడిబారాయి. పోట్లాడుకోవడానికి ఏమీ మిగలక ఆ ముసలాళ్ళిద్దరూ సాయంత్రాలు కలిసి రేడియో వినడం మొదలుపెట్టారు.

మరుసటి ఏడాది ఎన్నికల్లో ఛైర్మన్ గారు ముప్పయ్యొక్క ఓట్లతో ఓడిపోయారు. గెలిచినామెకు తాళం చేతులు ఇచ్చి, కొట్టుకెళ్ళి కూర్చున్నారు. కొట్టు ముందు కాలవ పొంగిందని నెల తిరక్కుండా దరఖాస్తు పట్టుకొచ్చారు. తేదీ లేదని కాగితాలక్క తిప్పి పంపింది. ఆయన వరండాలో నిలబడి ఆవిణ్ణి పావుగంట తిట్టి, ఆవిడ కలమే అడిగి పుచ్చుకుని తేదీ వేసి ఇచ్చారు.

కొత్త గట్టు వానలకు ముందే పూర్తయింది. ఆ ఆదివారం కాగితాలక్క, మొగుడు, అత్తగారు, కుట్టు టీచరు కలిసి దాని మీద చివరిదాకా నడిచారు. నది కింద బుద్ధిగా పారుతోంది. అత్తగారు మడమతో మట్టిని రెండుసార్లు తొక్కి చూసింది.

“ఆ అబ్బాయైతే ఇంకో మూరెడు ఎత్తు వేసేవాడు” అంది.

“నిఘా వాళ్ళకి చెప్పండి అత్తయ్యా. అదుగో, అక్కడే ఉన్నారు.”

అత్తగారు చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి పట్టుకుని, వాళ్ళతో తేల్చుకోవడానికి గబగబా అటు నడిచింది. కుట్టు టీచరు, “ఉండు, నేనూ వస్తున్నా” అంటూ వెనకే వెళ్ళింది. “గట్టిదే” అన్నాడు మొగుడు, ఆ రోజుకు మొదటిసారి నోరు విప్పి. గట్టు గురించి అన్నాడో, తల్లి గురించి అన్నాడో కాగితాలక్క అడగలేదు.